మొహమాటం పట్టేంత మెషిన్

మా ఆయన ఓర్లిన్‌కి ఎడమ చెవి బొత్తిగా వినపడదు. కుడి చెవి ఆయనకి ఇష్టమైనప్పుడు వినపడుతుంది. ఈ సంగతి ముందే చెప్పేయాలి. ఎందుకంటే ఆ మార్చి నెలలో ఊరి బట్టలన్నీ మా బేస్‌మెంట్‌లోకి దిగి రావడానికి ఆ ఎడమ చెవే కారణం. కొత్త మెషిన్‌ది ఏ తప్పూ లేదు. పాపం, ఎంత వేస్తే అంతా ఉతికింది.

మాది అమెరికాలో, మిన్నెసోటాకి ఉత్తరపు చివరనున్న నార్డ్‌బీ అనే చిన్న ఊరు. మా పాత మెషిన్ ఇరవై ఆరేళ్ళు చాకిరీ చేసి, ఒక సోమవారం పొద్దున్న ఓర్లిన్ చలికాలపు పొడుగు లాగులు కడుపులో పెట్టుకుని కన్నుమూసింది. నేనింకా దాని మూత మీద చెయ్యి వేసి నిలబడే ఉన్నాను, ఈయన ట్రక్కు వేసుకుని వెళ్ళి కొత్తది తెచ్చేశాడు. నన్నొక్క మాట అడగలేదు. దీనికి మూత పైన లేదు. ముందు వైపు గుండ్రటి గాజు తలుపు ఉంది, అందులోంచి బట్టలు తిరగడం కనపడుతుంది. దాన్ని బేస్‌మెంట్‌లోకి దింపడానికి మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ ఊడదీయాల్సి వచ్చింది.

"కింగ్ సైజు బొంత మొత్తం పడుతుందట," అన్నాడు ఓర్లిన్, దాని నెత్తి నిమురుతూ.

"మన మంచం కింగ్ సైజు కాదు కదయ్యా."

"పడుతుందంటున్నా."

"మనకి ఆ బొంతే లేదంటున్నా."

"అవునవును, పడుతుంది," అన్నాడు.

ఇంట్లో ఉండేది ఇద్దరం. వారానికి ఆయన చొక్కాలు నాలుగు, నావి నాలుగు, తువ్వాళ్ళు మూడు. అంత పెద్ద డ్రమ్ములో అవన్నీ ఓ మూల ముద్దగా పడ్డాయి. మెషిన్ తిప్పింది. ధన్ ధన్ మని ఊగింది. ఆగింది. కాసేపు ఆలోచించుకుంది. అటు కొంచెం, ఇటు కొంచెం దొర్లించి బట్టలు సర్దుకుంది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ ఊగింది. మూడోసారి కూడా కుదరకపోయేసరికి ఎర్ర దీపం వెలిగించి, నీళ్ళోడుతున్న బట్టలతోనే చాలించుకుంది. అంతసేపూ తలుపు మాత్రం తియ్యనివ్వదు. మనం గాజు బయట కూర్చుని మన తువ్వాళ్ళని మనమే చూసుకుంటూ ఉండాలి.

కొట్టుకి ఫోన్ చేశాను. "బట్టలు చాల్లేదండీ," అంది అక్కడి అమ్మాయి. "దాని కడుపు పెద్దది. బాగా నింపితేనే సమంగా తిరుగుతుంది."

"ఇద్దరం మనుషులం. ఎక్కణ్ణుంచి తెచ్చి నింపేదమ్మా?"

"ఇరుగుపొరుగుని అడగండి," అని నవ్వింది. ఆ పిల్లకేం తెలుసు మా ఊళ్ళో అడగడమంటే ఏమిటో.

మా ఊళ్ళో ఒకరికి ఏదైనా చేస్తానని మొదటిసారి అనడం మర్యాద. అవతలివాళ్ళు వద్దనడం మర్యాద. రెండోసారి అనడం కూడా మర్యాదే, వద్దనడం అలవాటు. మూడోసారి అంటే మాత్రం అది నిజం. అప్పుడు "సరే, మీకు మరీ ఇబ్బంది కాదంటే" అనాలి. అనకపోతే అవమానించినట్టు. అలాగే మూడోసారి కూడా వద్దంటే ఆ వద్దనడమూ నిజమే, ఇక చచ్చేదాకా ఆ మాట ఎత్తకూడదు. నాలుగోసారి అడిగినవాళ్ళు నార్డ్‌బీలో ఇంతవరకూ లేరు. ఒకవేళ ఉన్నా వాళ్ళ పేరు ఎవరూ తలవరు. పళ్ళెంలో ఆఖరి కేకు ముక్క విషయంలోనూ ఇంతే. దాన్ని ఎవరూ మొత్తంగా తీసుకోరు. సగం కోసుకుంటారు. తర్వాతివాళ్ళు ఆ సగంలో సగం కోసుకుంటారు. సాయంత్రానికి గోరంత ముక్క మిగిలి ఎండిపోతుంది, అయినా ఊరి పరువు నిలుస్తుంది.

ఈ లెక్కంతా చెవులున్నవాళ్ళకి. మర్నాడు ఓర్లిన్ కాఫీ కొట్టుకి వెళ్ళి, అగ్నిమాపక దళం నాయకుడు వెండెల్ పక్కన, ఎడమ చెవి అతనివైపు ఉండేలా కూర్చున్నాడు.

"వెండెల్, ఉతికే బట్టలుంటే మా ఇంటికి తీసుకురావయ్యా. పెద్ద మెషిన్ కొన్నాను."

"అబ్బే, ఎందుకులెండి, మీకు శ్రమ."

"ఏంటీ?" అన్నాడు ఓర్లిన్, వినపడక. "బట్టలు తెమ్మంటున్నా."

"వద్దులెండి ఓర్లిన్ గారూ."

"ఆఁ? బట్టలయ్యా బట్టలు. తీసుకురా."

వెండెల్ మొహం పాలిపోయిందట. ఒక్క నిమిషంలో మూడుసార్లు. తండ్రి చచ్చినప్పుడు కూడా అతన్ని ఎవరూ అంత గట్టిగా భోజనానికి పిలవలేదు. "సరే, మీకు మరీ ఇబ్బంది కాదంటే," అన్నాడు. ఆ మాట మాత్రం ఓర్లిన్‌కి కుడి చెవిలో శుభ్రంగా పడింది. ఆ తర్వాత ఆయన పోస్టాఫీసుకి వెళ్ళాడు. అక్కణ్ణుంచి చర్చికి వెళ్ళాడు.

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. మా ఇంటికి మాత్రం మూటలొచ్చాయి. వెండెల్ తన దళం వాళ్ళు తొడుక్కునే కోట్లు పద్నాలుగు తెచ్చాడు. పాస్టరమ్మ కిర్‌స్టెన్ గాయక బృందం అంగీలు ఇరవై రెండు తెచ్చింది. హాకీ పిల్లల మేజోళ్ళొచ్చాయి. వేసవి తిరునాళ్ళలో ఒక మనిషి దూరి గంతులేసే పెద్ద చేప వేషం కూడా వచ్చింది. ఇందులో ఎవరికీ నిజంగా అవసరం లేదు, అందరిళ్ళల్లో మెషిన్లున్నాయి. పాస్టరమ్మ అంగీల నుంచి సబ్బు వాసన ఇంకా పోలేదు.

"ఇవి ఉతికినవే కదమ్మా," అన్నాను.

ఆవిడ నేల చూపులు చూసింది. "పిలిచాక ఉత్త చేతుల్తో వస్తే ఏం బావుంటుంది ఆర్డిస్ గారూ?"

వెండెల్ ఇంకా నయం. మురికి లేదని మొహమాటపడి, కోట్లన్నీ కరిగిన మంచు బురదలో ఓసారి ఈడ్చి మరీ తెచ్చాడు.

మెషిన్ మాత్రం, ఉన్నమాట చెప్పొద్దూ, గుటుక్కున మింగింది. ఇరవై రెండు అంగీలు ఒక్క విడతలో. గుప్పెడు సబ్బు, కాసిని నీళ్ళు, నింపాదిగా ఎత్తి పడేసి, ఎత్తి పడేసి ఉతికింది. నిండు కడుపుతో తిరుగుతుంటే కాఫీ కప్పు మీద పెట్టినా తొణకలేదు. చేప వేషం తిరిగినప్పుడు దాని ఒక్క కన్ను గాజు తలుపుకి ఆనుకుని, మమ్మల్ని చూసుకుంటూ గుండ్రంగా తిరిగింది. ఓర్లిన్ కుర్చీ లాక్కుని గంటా పది నిమిషాలు దానికెదురుగా కూర్చున్నాడు. వచ్చినవాళ్ళూ కూర్చున్నారు, బట్టలు వదిలేసి పోతే పని చేయించుకున్నట్టుంటుందని. కూర్చుంటే కాఫీ పెట్టాలి. కాఫీతో కేకు పెట్టాలి. నేను రోజుకో పళ్ళెం నిమ్మకాయ కేకు చేశాను, రోజూ గోరంత ముక్క పారేశాను.

"ఎలా ఉతికిందంటారు?" అని ఓర్లిన్ పాస్టరమ్మని అడిగాడు.

ఆవిడ అంగీని వెలుతురుకి ఎత్తి చూసింది. "పర్వాలేదు," అంది.

ఓర్లిన్ పొంగిపోయాడు. మా ఊళ్ళో ఇంతకు మించిన మెచ్చుకోలు మాట లేదు. నా పెళ్ళినాడు నన్ను చూసి మా అత్తగారు అన్నది కూడా ఆ మాటే.

ఇంతమంది వస్తున్నారు గానీ, నేను ఎదురుచూస్తున్న మనిషి మాత్రం రాలేదు. లవాన్ మా పక్కింటిది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె వంటింటి కిటికీ, నా వంటింటి కిటికీ ఎదురెదురు. పొద్దున్న ఆరింటికి అటు దీపం వెలిగితేనే నాకిటు కాఫీ దిగుతుంది. ఆ లవాన్ ఏప్రిల్‌లో అరిజోనా వెళ్ళిపోతోంది. ఎందుకయ్యా అంటే, అక్కడ వాళ్ళ చెల్లెలు డార్లీన్ ఉంది. ఎండ దెబ్బకి డార్లీన్ మన మర్యాదలన్నీ మరిచిపోయింది. ఫోన్‌లో "వచ్చెయ్యి, వచ్చెయ్యి, వచ్చెయ్యి" అంది. మూడుసార్లు. మా లవాన్ ఏం చేస్తుంది? "సరే, నీకు మరీ ఇబ్బంది కాదంటే," అంది. ఫోన్ పెట్టేసి ఇల్లు అమ్మకానికి పెట్టింది. శనివారం ఎవరో చూడ్డానికి వస్తున్నారు.

నేనూ అడిగాను. మొదటిసారి చర్చిలో కాఫీ దగ్గర, "వెళ్ళకపోతే ఏమే?" అన్నాను. "లేదులే, మాటిచ్చేశాను," అంది. రెండోసారి పోస్టు డబ్బాల దగ్గర, "ఉండిపోవే," అన్నాను. "ఇక్కడ నేనుంటే ఎవరికేం ఒరుగుతుందిలే," అంది. అంటే ఇక మిగిలింది ఒక్కటే. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే. కానీ మూడోసారి అడిగి, అదీ కాదంటే? అప్పుడది నిజంగా కాదనడమే. నాకు భయమేసింది. రోజూ వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. మంచు కరుగుతోందని నేనన్నాను, మళ్ళీ పడుతుందని ఆమె అంది. మూడో మాట నా గొంతులోనే ఉండిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఓర్లిన్ బయట మంచు తవ్వుతూ లవాన్‌ని చూశాడు. ఆమె మెషిన్ పాడైందని, మూటలు మోసుకుని పక్క ఊరికి పోయి ఉతుక్కొస్తోందని ఊరంతా తెలుసు. ఆమె మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఓర్లిన్ తన పద్ధతిలో తాను పిలిచాడు. పది నిమిషాల్లో లవాన్, పిల్లలు మంచు మీద జారుతూ ఆడుకునే బండి ఒకటి తీసి, దాని మీద కర్టెన్ల గుట్ట వేసుకుని, తాడు పట్టి ఈడ్చుకుంటూ మా గుమ్మంలోకి వచ్చింది.

"మీ ఆయన మూడుసార్లు అన్నాడే ఆర్డిస్. రాకపోతే బావుండదని వచ్చాను."

"మంచిపని చేశావు. ఎన్నున్నాయి?"

"పదకొండు కిటికీలవి. ముందుగదిలో తివాచీ కూడాను. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళకి మురికి కర్టెన్లు చూపిస్తే ఏం బావుంటుంది? రెండు విడతలుగా వేద్దాంలే, పట్టవు."

"పడతాయి," అన్నాను. రెండు విడతలైతే ఇంకా ఎక్కువసేపు ఉండేది కదా అని నాకు ఆ తర్వాత తట్టింది. బుద్ధి తక్కువ.

అప్పటికే కింద వెండెల్ ఇంకో మూటతో, పాస్టరమ్మ బల్ల గుడ్డలతో తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఇద్దరూ లేచి లవాన్‌ని ముందు వెయ్యమన్నారు. లవాన్ వద్దంది. ఈ ముగ్గురి మధ్య మూడేసి సార్లు అయ్యేసరికి పావుగంట పట్టింది. చివరికి కర్టెన్లన్నీ కూరి, తివాచీని మధ్యలో దోపి, మోకాలితో నెట్టి తలుపు వేశాను. తాళం టక్కుమంది.

మేం నలుగురం, ఓర్లిన్‌తో ఐదుగురం, మడత కుర్చీల్లో వరసగా కూర్చుని చూశాం. పళ్ళెం చేతులు మారింది. లవాన్ కర్టెన్ల మీది నీలం పువ్వులు నురుగులో కనపడుతూ మాయమవుతూ ఉన్నాయి. ఆ గుడ్డ మేమిద్దరం కలిసి కొన్నాం, పంతొమ్మిదేళ్ళ కిందట. నాకు దుఃఖం పొంగుకొచ్చింది.

"చలి తగ్గింది," అంది లవాన్.

"తగ్గింది," అన్నాను. "అరిజోనాలో అసలుండదట."

"ఉండదట," అంది. ఆ మాట అని ఆమె పళ్ళెం వైపు చూసింది, నేను నా చేతుల వైపు చూశాను.

అంతా బాగానే జరిగింది. మెషిన్ మీది అంకెల తెరలో ఇంకా ఒక్క నిమిషం మిగిలింది. అప్పుడు మెషిన్ నీళ్ళు పిండడానికి వేగం అందుకుంది, ధన్ మంది, ఆగింది. తివాచీ కర్టెన్లన్నిటినీ తన చుట్టూ చుట్టుకుని ముద్దయిపోయింది. తెర మీద ఒక్క నిమిషం కాస్తా తొమ్మిదయింది. బట్టలు దొర్లించి సర్దుకుంది. ఒక్క నిమిషానికి వచ్చింది. ధన్. మళ్ళీ తొమ్మిది.

"రెండుసార్లు అడిగింది," అన్నాడు వెండెల్ గంభీరంగా.

"మన ఊరి నీళ్ళు వంటబట్టాయి దీనికి," అంది లవాన్. "మూడోసారి కూడా కుదరకపోతే ఏం చేస్తుందే?"

"వదిలేస్తుంది," అన్నాను.

మెషిన్ మూడోసారి మొదలుపెట్టింది. మెల్లగా తిరిగింది. తూలింది. ఇంకాస్త తూలింది. ఉన్నట్టుండి ముద్ద విడిపోయి కర్టెన్లు డ్రమ్ము చుట్టూ సమంగా పరుచుకున్నాయి, ఇక అందుకుంది వేగం. అంత బరువుతో అది తిరగడం మేమెప్పుడూ వినలేదు. విమానం లేచినట్టు హోరు. అలమార్లో జాడీలు గలగలలాడాయి. పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. ఇదే అదను అనుకున్నాను. ఎవరూ వినరు, సిగ్గు లేదు. లవాన్ వైపు తిరిగి, "ఉండిపోవే," అన్నాను. మూడోసారి.

లవాన్ నన్ను చూసింది. తల అడ్డంగా ఊపింది.

అయిపోయింది. మూడు అయిపోయాయి. ఇక చచ్చేదాకా ఆ మాట ఎత్తకూడదు. రేపు వాళ్ళెవరో వస్తారు, ఆ నీలం పువ్వులు చూసి బావున్నాయంటారు. వచ్చే నెల నుంచి పొద్దున్నే ఎదురు కిటికీలో ఎవడో మొహం తెలియనివాడు పళ్ళు తోముకుంటాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. డార్లీన్ మీద, ఈ ఊరి మీద, ఈ లెక్కలు పెట్టినవాళ్ళ తాతముత్తాతల మీద. కుర్చీలోంచి లేచాను. ఆ హోరుని మించి వినపడేలా, నా ఊపిరంతా కూడదీసుకుని అరిచాను.

"వెళ్ళొద్దే లవాన్, నువ్వు లేకపోతే నేనుండలేను!"

'వెళ్ళొద్దే' దగ్గర మెషిన్ తిరుగుతూనే ఉంది. 'లవాన్' దగ్గర ఆగిపోయింది. చెప్పాపెట్టకుండా, టక్కున. మిగిలిన మాటలన్నీ నిశ్శబ్దంలో, బేస్‌మెంట్ నాలుగు గోడలకీ తగిలి మళ్ళీ నా దగ్గరికే వచ్చాయి.

వెండెల్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. పాస్టరమ్మ కళ్ళు మూసుకుంది, ప్రార్థన చేస్తోందో సిగ్గుపడుతోందో తెలియదు. ఓర్లిన్ నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. ఆ మాట తనకి ఎడమ చెవితో వినపడిందని ఈ రోజుకీ చెబుతాడు. ఇంతలో మెషిన్ పని అయిపోయినందుకు తన పాట తాను పాడుకుంది. చాలా పొడుగు పాట అది. అందరం అయ్యేదాకా ఆగాం.

"అంతకు ముందేమన్నావే?" అంది లవాన్.

"ఉండిపొమ్మన్నాను. నువ్వు తలూపావు."

"వినపడలేదని ఊపానే, పిచ్చిమొహమా."

"అయితే ఇది..." వెండెల్ చర్చి దగ్గరిదీ, పోస్టు డబ్బాల దగ్గరిదీ కలుపుకుని వేళ్ళు మడిచి లెక్క పెట్టుకున్నాడు, మా ఊళ్ళో ఏదీ దాగదు. "నాలుగోసారా అక్కా?"

నేను తలవంచుకున్నాను. "నాలుగోసారే," అన్నాను.

పళ్ళెం బల్ల మీద ఉంది. అందులో ఆఖరి ముక్క, మా ఐదుగురి చేతుల్లో సగం సగం అయి అయి, బొటనవేలి గోరంత మిగిలింది. లవాన్ లేచింది. పళ్ళెం దగ్గరికి వెళ్ళింది. చాకు ముట్టుకోలేదు. ఎవరూ తీసుకోమనలేదు, తనూ వద్దనలేదు. ఆ ముక్క మొత్తం తీసి నోట్లో వేసుకుంది.

పాస్టరమ్మ చిన్నగా దగ్గింది. వెండెల్ టోపీ తీశాడు.

లవాన్ నింపాదిగా నమిలి మింగి, వేళ్ళు తుడుచుకుని, మెషిన్ తలుపు లాగింది. కర్టెన్లు ఒకదాని తర్వాత ఒకటి, ముడత లేకుండా, సగం ఆరిపోయినట్టే బయటికొచ్చాయి. ఒకటి విదిలించి వెలుతురుకి ఎత్తి చూసింది. నీలం పువ్వులు కొన్ననాటి రంగులో ఉన్నాయి.

"ఎలా ఉతికింది?" అన్నాడు ఓర్లిన్, ఉండబట్టలేక.

"బ్రహ్మాండంగా ఉతికింది," అంది లవాన్. అలాంటి మాట మా ఊళ్ళో ఎవరి నోటా నేను విని ఎరగను. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, నాకేసి చూడలేదు. "ఆ చివర పట్టుకోవే. తడి ఆరకముందే తగిలించాలి, నిచ్చెన తీసుకురా."

"రేపొచ్చే వాళ్ళ కోసమా?" అన్నాను.

"నా కిటికీకి నేను తగిలించుకుంటున్నాను." కర్టెన్ మడత నా చేతుల్లో పెట్టింది. "వాళ్ళు పాపం అంత దూరం నుంచి వస్తారు. కాఫీ ఇచ్చి పంపిద్దాం. ఓర్లిన్‌ని మాత్రం వాళ్ళతో మాట్లాడనివ్వకు."